మా పిన్ని ముందు తొక్కిన రోజు

మా పిన్ని పని కొండల మీదికి టూరిస్టులను సైకిళ్ళ మీద తీసుకెళ్ళే ఒక చిన్న కంపెనీలో. మొదటి నాలుగేళ్ళు షెడ్డులో సైకిళ్ళు కడిగింది, పంక్చర్లు వేసింది, సొట్టపోయిన చక్రాలు సరిచేసింది. తరవాత ఏడేళ్ళు గుంపు చివర తొక్కింది. చివర తొక్కే మనిషి పనేమిటంటే, ఎవరు ఆగితే వాళ్ళ దగ్గర ఆగడం, ఎవరి చైను ఊడితే వాళ్ళ చైను ఎక్కించడం, ఎవరు ఇంక నా వల్ల కాదని కూలబడితే వాళ్ళ చేతిలో బిస్కెట్టు పెట్టి లేపడం. "ముందు తొక్కేవాళ్ళకి ఫొటోలు, వెనక తొక్కేవాళ్ళకి బురద" అనేది పిన్ని. ఆ మాటలో అబద్ధం లేదు. ముందు పోయే చక్రాలన్నీ చిమ్మిన బురద చివరి మనిషి మొహం మీదే పడుతుంది.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. అమ్మ మంచాన పడితే ఇంట్లో చేసేవాళ్ళు లేకపోయారు. అమ్మ లేచి తిరగడం మొదలుపెట్టేసరికి నా తోటివాళ్ళు రెండు తరగతులు దాటిపోయారు. చిన్నపిల్లల మధ్య కూర్చోవడానికి నాకు సిగ్గేసింది. అప్పుడు పిన్ని నన్ను షెడ్డుకి తీసుకొచ్చి చేతికి ఒక గుడ్డ ఇచ్చింది. "నోరు విప్పక్కర్లేని పని ఇది. నీకోసమే పుట్టింది" అంది. నిజమే. సైకిలు మనల్ని ఏమీ అడగదు.

ఆ ఏడాది సీజను మొదట్లో ముందు తొక్కే ఆయనకి మోకాలు పాడై మానేశాడు. ఓనరు తన బావమరిదిని పెట్టాలనుకున్నాడు. ఆ బావమరిది వచ్చి రెండు నెలలే అయింది. మబ్బు పట్టిన రోజు కూడా నల్లకళ్ళజోడు తీయడు. గాలి కొట్టే పంపు ఎటు పట్టుకోవాలో నేనే చూపించాను, అదీ మాట్లాడకుండా.

పిన్ని మూడు రోజులు షెడ్డులో తనలో తను గొణుక్కుని, నాలుగో రోజు చేతులు సబ్బుతో రుద్ది కడుక్కుని ఓనరు గదిలోకి వెళ్ళింది. నేను తలుపు బయట టైర్లు సర్దుతూ విన్నాను.

"ముందు నేను తొక్కుతాను సార్."

"నువ్వా?"

"నేనే సార్. ఈ దారిలో ఏ గుంట ఎక్కడుందో నాకు తెలుసు. ఏడేళ్ళుగా అన్నిట్లోనూ నేనే పడ్డాను."

ఓనరు నవ్వాడు. నవ్వి, చాలాసేపు కాగితాలు కదిపాడు. "సరే. శనివారం గుంపులో ఎనిమిది మంది ఉన్నారు. కనుమ దాటించి అవతలి వైపు బసకి నాలుగింటికల్లా చేర్చు. సామాన్లు తీసుకెళ్ళే వ్యాను మనుషుల్ని ఎక్కించుకోడానికి కదలకూడదు. మొత్తం దారి మీ సొంత కాళ్ళ మీదే అని మనం బోర్డు మీద రాసుకున్నాం. వ్యాను లేకుండా చేర్చావా, సీజనంతా ముందు సైకిలు నీదే. పిలిచావా, మా బావమరిదిది. మళ్ళీ నా దగ్గరికి రాకూడదు."

శుక్రవారం మధ్యాహ్నం నుంచి వాన పట్టుకుంది.

శనివారం పొద్దున షెడ్డు ముందు రేకుల కింద ఎనిమిది మందీ నిలబడ్డారు. ఒకే ఆఫీసులో పనిచేసే ముగ్గురు స్నేహితులు, ఒక బ్యాంకు ఆఫీసరు, పళ్ళ డాక్టరు, ఆయన భార్య, రిటైరైన లెక్కల టీచరు, కాలేజీలో చదివే ఒక అమ్మాయి. ఆ అమ్మాయిది ఇంచుమించు నా వయసే. వాన చూసి ఎవరి మొహంలోనూ కళ లేదు. మావీ వాళ్ళవీ ఫోన్లు తడవకుండా సామాన్లతో పాటు వ్యానులో పెట్టించాం.

పిన్ని గొంతు సవరించుకుంది. ఏడేళ్ళుగా వేరేవాళ్ళు చెప్తుంటే విన్న మాటలు ఆ రోజు తను చెప్పింది. "దారి చీలిన చోట నేను ఒకరిని దింపి నిలబెడతాను. వాళ్ళు వెనక వచ్చేవాళ్ళకి దారి చూపించాలి. అందరికన్నా వెనక మా అక్క కూతురు వస్తుంది, నారింజ రంగు కోటు వేసుకుని. ఆ కోటు కనపడిందంటే ఇంక వెనక ఎవరూ లేరని లెక్క. అప్పటిదాకా అక్కణ్ణుంచి కదలొద్దు."

"ఎవరూ నిలబడి లేకపోతే?" అని టీచరు అడిగింది. అరవై దాటిన సన్నటి మనిషి. ప్రశ్న అడిగేటప్పుడు కూడా బోర్డు ముందు నిలబడినట్టే ఉంది.

"లేరంటే అక్కడ అనుమానం లేదని అర్థమండీ. పెద్ద రోడ్డు పట్టుకుని వచ్చెయ్యడమే."

వ్యాను డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "అక్కా, ఇవాళ నువ్వు నన్ను పిలవవు. నాకు తెలుసు. అందుకే దిండు తెచ్చుకున్నా."

"దుప్పటి కూడా తెచ్చుకోవాల్సింది" అంది పిన్ని. నవ్వింది గానీ ఆమె చెయ్యి బ్రేకుని ఊరికే నొక్కుతూ వదులుతూ ఉంది.

మొదటి పది కిలోమీటర్లు ఎలాగో సాగాయి. వాన పెద్దదేమీ కాదు, కానీ ఆగేది కాదు. మెడ వెనకనుంచి దారి వెతుక్కుని లోపలికి దిగే రకం. బ్రేకులు నొక్కితే కీచుమని అరిచి, కాస్త ఆలోచించుకుని పట్టుకుంటున్నాయి. డాక్టరు భారీ మనిషి. ప్రతి మలుపులోనూ ఆగి, "ఇంట్లో షవరు కింద సైకిలు పెట్టుకుని తొక్కినా ఇంతే కదా" అన్నాడు. మొదటిసారి నవ్వొచ్చింది. ఆరోసారి నాకు ఆయన సైకిలు గాలి తీసేద్దామనిపించింది. టీచరు మాత్రం ఒక్క మాట అనకుండా, ఒకే వేగంతో ఆయన పక్కనే తొక్కింది.

పన్నెండో కిలోమీటరు దగ్గర కాలేజీ అమ్మాయి చైను పళ్ళచక్రానికీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుపోయింది. డాక్టరూ టీచరూ ముందుకి సాగిపోయారు, నేను రోడ్డు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. వేళ్ళు మొద్దుబారి పానా జారిపోతోంది.

"నువ్వేం చదువుతున్నావు?" అని ఆ అమ్మాయి అడిగింది.

"వచ్చేస్తోంది చైను" అన్నాను.

అప్పుడు పళ్ళ డాక్టరు భార్య మా దగ్గరికి వచ్చింది. ఆమె పల్చటి రెయిన్‌కోటు వెనక చక్రంలో చుట్టుకుని భుజం నుంచి నడుం దాకా చిరిగిపోయింది. ఆమె పళ్ళు టకటకమంటున్నాయి.

"అమ్మాయీ, నీ కోటు కాస్త ఇస్తావా? నీకు ఈ వాన అలవాటే కదా."

ఆ కోటు ఎందుకో నాకు తెలుసు. అది బట్ట కాదు, గుర్తు. ఇవ్వకూడదని తెలుసు. ఎందుకు ఇవ్వకూడదో చెప్పడానికి నాలుగు మాటలు చాలు. ఆ నాలుగూ గొంతులోనే ఉన్నాయి, పైకి రాలేదు. ఆమె అప్పటికే చెయ్యి చాపింది. చాపిన చేతిని కాదనడం నాకు రాదు. విప్పి ఇచ్చేశాను. ఆమె నా వెనకే ఉంటుందిలే అని మనసుకి సర్ది చెప్పుకున్నాను.

ఒంట్లో వేడి పుట్టేసరికి ఆమెకి కాళ్ళల్లో బలం వచ్చింది. "మీరు మెల్లగా రండి" అని టోపీ నుదుటి దాకా లాక్కుని వెళ్ళిపోయింది. "ఆగండి" అన్నాను. ఆ మాట నాకే సరిగ్గా వినపడలేదు. పనిముట్ల సంచిలో పెద్ద చెత్త సంచి ఒకటి ఉంటే, దానికి తలకీ చేతులకీ చిల్లులు పెట్టి తొడుక్కున్నాను.

చైను రావడానికి ఇంకో పావుగంట పట్టింది.

పద్నాలుగో కిలోమీటరు దగ్గర దారి రెండుగా చీలుతుంది. కనుమకి పోయేది కుడివైపు సన్న దారి, నిట్టనిలువుగా ఉంటుంది. ఎడమవైపు వెడల్పాటి రోడ్డు కిందికి దిగి రాళ్ళ క్వారీకి పోతుంది. అక్కడ తప్పకుండా ఒక మనిషి ఉండాలి. నేను వచ్చేదాకా ఉండాలి. వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. వాననీళ్ళు రోడ్డంతా కడిగేశాయి, ఒక్క చక్రం జాడ లేదు.

"ఏమైంది?" అంది కాలేజీ అమ్మాయి.

"ఏం లేదు" అన్నాను. నిలబడ్డ మనిషి చలికి ఓర్చుకోలేక ముందుకి పోయి ఉంటాడనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. కుడివైపు ఎక్కాం.

కనుమ మీద ఒక ముసలావిడ నడిపే రేకుల టీ కొట్టు ఉంది. మేం చేరేసరికి అందరూ బల్లల మీద గ్లాసులు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. పిన్ని గుమ్మంలో నిలబడి మా కోసం చూస్తోంది. చెత్త సంచిలో ఉన్న నన్ను చూసింది. తల తిప్పి లోపల బల్ల మీద టీ తాగుతున్న నారింజ రంగు కోటుని చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"నీ కోటేదే?"

నేను నేల చూశాను. డాక్టరు భార్యే చెప్పింది. "నేనే అడిగానండీ. పాపం మంచి పిల్ల, అడగ్గానే ఇచ్చింది. మా ఆయన ఇంకా రాలేదా? దారిలో నేను ఆయన్ని దాటేశాను తెలుసా! పిలుస్తూనే ఉన్నాడు, ఆగితే మళ్ళీ చలేస్తుందని ఆగలేదు."

పిన్ని మా రెండూ వదిలేసి ఒక్కో సైకిలు హ్యాండిలు మీద చెయ్యి వేస్తూ లెక్కపెట్టింది. ఆరు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. వానలో సైకిళ్ళు పిల్లలు పెట్టవు కదా, ఆరే. డాక్టరూ టీచరూ లేరు.

"దారి చీలిన చోట మిమ్మల్ని నిలబెట్టాను కదండీ" అంది బ్యాంకు ఆఫీసరుతో.

"నిలబడ్డానండీ. కోటు వచ్చింది. వెనక ఇంకెవరూ లేరని లెక్క అన్నారు కదా, ఆవిడతో పాటు వచ్చేశాను. మీరు చెప్పిందే చేశాను."

ఆయన చెప్పింది నిజమే. డాక్టరూ టీచరూ కూడా చెప్పిందే చేసి ఉంటారు. ఎవరూ లేరు కాబట్టి పెద్ద రోడ్డు పట్టుకున్నారు. ఎవరి మీదా అరవడానికి లేదు. అదే పిన్నికి మండిపోయిన సంగతి. అరవాల్సిన ఒక్క మనిషి చెత్త సంచిలో నీళ్ళు కారుతూ నిలబడి ఉంది.

"వీళ్ళని ఇక్కడే కూర్చోబెట్టు పెద్దమ్మా, ఎవరినీ కదలనివ్వకు" అని టీ కొట్టావిడకి చెప్పి, నా చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. "నడువు. ఎక్కు."

మూడు కిలోమీటర్లు దిగి చీలిక దగ్గరికి, అక్కణ్ణుంచి క్వారీ రోడ్డు మీద ఐదు కిలోమీటర్లు. దిగినంతసేపూ పిన్ని నాతో మాట్లాడలేదు. వానతో మాట్లాడింది, గుంటలతో మాట్లాడింది, ఆ రోడ్డుని అంత వెడల్పుగా వేసినవాణ్ణి తిట్టింది. నేను ఆమె వెనక చక్రం చిమ్మే బురద మొహాన పడుతున్నా పక్కకి తప్పుకోలేదు.

క్వారీ గేటు పక్క కాపలా గదిలో ఇద్దరూ దొరికారు. డాక్టరు గుమ్మంలోంచే మొదలుపెట్టాడు. "ఏం టూరమ్మా ఇది? నా భార్య నన్ను వదిలేసిపోయింది, మీరు వదిలేశారు, ఈ రోడ్డు రాళ్ళగుట్టలోకి తెచ్చి వదిలేసింది!"

పిన్ని ఆయన్ని పక్కకి జరిపి లోపలికి వెళ్ళింది. టీచరు స్టూలు మీద కూర్చుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. చేతి తొడుగులు విప్పుకోవాలని ఒక వేలు పట్టుకుని లాగుతోంది, అది ఆమె చేతికి చిక్కట్లేదు. పిన్ని వాటిని విప్పి, సంచిలోంచి తన పొడి తొడుగులు తీసి తొడిగింది, అరచేతులు రుద్దింది. గోడ మీద గడియారం ఒకటీ ఇరవై చూపిస్తోంది. పిన్ని దానివైపు చూడడం నేను చూశాను. ఎనిమిది కిలోమీటర్లు ఎక్కాలి. కనుమ నుంచి బసకి పన్నెండు కిలోమీటర్లు, అంతా దిగుడే. వెంటనే బయల్దేరి ఎక్కడా ఆగకపోతే నాలుగింటికి చేరొచ్చు. అందుకే ఆమె కళ్ళల్లో ఆశ ఇంకా పోలేదు.

"ఎక్కగలరా అండీ?"

"ఎక్కుతాను" అంది టీచరు వెంటనే. "నాకోసం నీ పని చెడగొట్టుకోకు. ఎంత దూరం?"

"ఎనిమిది."

"ఎనిమిదేనా? గంటకి ఆరు తొక్కినా... ఎనిమిదిని ఆరుతో... ఎనిమిదిలో ఆరు..." ఆవిడ ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. "ఎనిమిదిని..." కనుబొమలు ముడిపడ్డాయి. ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి ఎనిమిదిని ఆరుతో భాగించలేక పిన్ని మొహంలోకి చూస్తోంది, జవాబు అక్కడ రాసి ఉన్నట్టు.

పిన్ని ఇంకోసారి గడియారం చూడలేదు. కాపలా మనిషిని ఫోనడిగి వ్యాను డ్రైవరుకి చేసింది. "క్వారీ గేటుకి రా. హీటరు వేసుకునే రా" అంది. ఫోను తిరిగిచ్చి, టీచరు తడి కోటు విప్పి, తన స్వెట్టరు తొడిగింది.

వ్యాను అరగంటలో వచ్చింది. డ్రైవరు దిగి, ఎవరూ వినకుండా పిన్ని పక్కకి చేరాడు. "అక్కా, నువ్వు పిలవలేదని చెప్తాను. డీజిలు పోయించుకోడానికి ఇటు వచ్చి, వీళ్ళు కనిపిస్తే ఎక్కించుకున్నానంటాను."

"ఆ డాక్టరు నోరు నువ్వు కుడతావా?"

డ్రైవరు డాక్టరువైపు చూసి, "అంత దారం నా దగ్గర లేదక్కా" అన్నాడు.

"అయితే ఎక్కించు. ఆవిణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టు."

వ్యాను మలుపు తిరిగేదాకా పిన్ని నిలబడే ఉంది. తరవాత ఎనిమిది కిలోమీటర్లూ ఎక్కాం. స్వెట్టరు లేదు, తొడుగులు లేవు. రెండుచోట్ల సైకిలు దిగి నడిచింది. పిన్ని ఆ దారిలో దిగి నడవడం నేను అంతకుముందు చూడలేదు.

మిగిలిన ఆరుగురినీ తీసుకుని బసకి చేరేసరికి ఐదున్నర. వరండాలో ఓనరు ఉన్నాడు. పక్కన పళ్ళ డాక్టరు పొడి బట్టల్లో, మెడకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. చెప్పాల్సినవన్నీ చెప్పేసిన మొహం. టీచరు లోపల పడుకుందట, వేడి పాలు తాగి మనుషుల్లో పడిందట. ఆ మాట డ్రైవరు చెప్తే పిన్ని తలూపింది.

"ఏమ్మా, వ్యాను కదిలిందట?" అన్నాడు ఓనరు.

"కదిలింది సార్. నేనే పిలిచాను."

"మరి మనం అనుకున్న మాట?"

పిన్ని ఏదో అనబోయింది. అప్పుడు నా నోరు దానంతటదే తెరుచుకుంది. "కోటు నేను ఇచ్చేశాను సార్. తప్పు పిన్నిది కాదు."

ఓనరు నావైపు తిరిగాడు. "ఈ అమ్మాయికి మాటలొచ్చా!" అన్నాడు. డాక్టరు నవ్వాడు. "కోటు ఎవరిదైతే నాకేమిటమ్మా? గుంపు ఎవరిది?" అన్నాడు ఓనరు.

"నాదే సార్" అంది పిన్ని.

"అయిపోయింది కదా మరి."

బస వెనక బట్టలు ఆరేసుకునే గదిలో ఇద్దరం కూర్చుని గెస్టుల బూట్లలో పాత పేపర్లు కుక్కుతున్నాం. అప్పుడు తిట్టింది నన్ను. "రోడ్డు మీద ఆవిడతో 'ఇవ్వను' అని ఒక్క మాట అనడానికి నోరు రాలేదు. ఇక్కడ ఓనరు ముందు మాత్రం ఊడిపడిందా? ఏడాదికో మాట మాట్లాడతావు, అదీ పనికిమాలిన చోట!" నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. "ఏడిస్తే ఏడువు, పేపరు మాత్రం తడపకు" అంది. ఒక బూటులో ఎంత పేపరు కుక్కిందంటే, తరవాత దాన్ని లాగడానికి నేను పట్టకారు తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఆ సీజనంతా బావమరిదే ముందు తొక్కాడు. అతను రెండుసార్లు వ్యాను పిలిచాడు. ఒకసారి ఎవరికీ చలి కూడా వెయ్యలేదు, అతనికే కాలు పట్టేసింది. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. అతనికి ఆ షరతు పెట్టనే లేదు. పిన్ని వెనక తొక్కింది, నేను షెడ్డులో ఉండిపోయాను. సీజను చివర, మళ్ళీ రావద్దన్నా సరే, పిన్ని చేతులు సబ్బుతో కడుక్కుని ఓనరు గదిలోకి వెళ్ళింది. ఒక్క నిమిషంలో బయటికి వచ్చింది. "చూద్దాం అన్నాడు" అంది. ఆ 'చూద్దాం' వల్ల నాలుగు రోజులు షెడ్డులో ఏ వస్తువూ మెల్లగా కింద పెట్టలేదు.

మా వైపు కొందరు "ఆ పిన్ని గుంపుని తప్పిపోయేలా చేసిందట కదా" అంటుంటారు. డాక్టరు ఎక్కడెక్కడ చెప్పాడో తెలీదు. నేను నలుగురి ముందూ నిలబడి చెప్పలేను కాబట్టి జరిగింది జరిగినట్టు రాశాను.

మొన్న కూడా వానే. షెడ్డు తలుపు సగం మూసుకుని పని చేసుకుంటున్నాం. చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగాను.

"పిన్నీ, మళ్ళీ నీకు ముందు సైకిలు ఇచ్చి, మళ్ళీ అలాగే జరిగితే వ్యాను పిలుస్తావా?"

ఆమె చక్రం తిప్పుతోంది. తిప్పడం ఆపింది.

"ఆవిడ ఎనిమిదిని ఆరుతో భాగించలేకపోయింది. విన్నావా లేదా?"

"విన్నాను."

"మరి తెలిసి తెలిసి అడుగుతావేమే?" అని చేతిలో గుడ్డ నా మీదికి విసిరింది. "ఆ వెనక చక్రం తుడువు. ఆరుంపావుకి గుంపు వస్తుంది."